సిక్స్‌టెన్ చేలో లీక్ ఉల్లి

అల్నెబీ, స్కోనే
ఈస్టర్ వెళ్ళిన మంగళవారం

నా తుమ్మెదా,

మాటలు రాకముందు గుయ్యిమంటూ ఇల్లంతా తిరిగేదానివి. అప్పుడు పెట్టిన పేరు, ఇప్పుడెలా మారుస్తాను? కవరు మీద మాత్రం గుడ్రున్ అనే రాశాను, నీ కాలేజీలో ఎవరూ నవ్వరులే.

నువ్వడిగిన మట్టి వేరే పెట్టెలో వస్తోంది. మీ అన్నయ్య సిక్స్‌టెన్ చేలోంచి ఒక సంచి, రాతిగోడ పక్క పచ్చికలోంచి ఒక సంచి. మీ యోస్టా బాబాయి తవ్విపెట్టాడు. నోరు మూసుకుని తవ్వితే ఆయన యోస్టా ఎలా అవుతాడు? "వదినా, ఊళ్ళో తల్లులంతా పిల్లలకి కేకులు పంపుతారు, సాసేజీలు పంపుతారు. మట్టి పంపే తల్లివి నువ్వొక్కదానివే" అన్నాడు. "నా కూతురు మట్టి చదువు చదువుతోంది. నీ పెళ్ళి సంగతి మీద చదువేదైనా ఉంటే అదీ చదివించేదాన్ని, ఈపాటికి తేలేది" అన్నాను. ఆ మాటకి పార మీద కాలు వేసి గట్టిగా తొక్కాడు.

ఫోన్ చెయ్యమని మళ్ళీ రాశావు. వద్దులే తల్లీ. నవంబరులో ఆ కబురు ఫోన్లోనే కదా వచ్చింది. చక్కెర దుంపల బళ్ళు తిరిగి తిరిగి రోడ్డంతా బురద చేశాయి, నీ కొడుకు మోటారు సైకిలు జారింది, అని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పాడు. అప్పటినుంచి అది మోగితే ఎత్తలేకపోతున్నాను. ఉత్తరం మోగదు. బల్ల మీద పెట్టుకుని, కాఫీ పోసుకుని, ధైర్యం వచ్చాక విప్పుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. పట్నం మురుగునీళ్ళు శుభ్రం చేసే చోట పనిచేసే బెర్గ్‌మన్ వచ్చాడు. ఆ నీళ్ళ అడుగున మిగిలే మడ్డిని మీ అన్నయ్యకి ఎరువుగా తోలేది ఆ అబ్బాయే. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మగారూ, కోతలయ్యాక సిక్స్‌టెన్ చేనుకి ఎప్పటిలాగే తోలమంటారా? ఎండాకాలం వెళ్ళేలోగా ఒక మాట చెప్పండి" అన్నాడు. తోలమనే నోటి దాకా వచ్చింది. ఎందుకో ఆగాను.

నువ్వప్పటికే ఉప్సాలాలో ఉన్నావు, నీకు పూర్తిగా తెలియదు. మీ నాన్న పోయాక ఆ చేను చేతికొచ్చినప్పుడు మీ అన్నయ్య నాతో అన్నాడు, "అమ్మా, మన గింజలు పట్నం వెళతాయి, అక్కడివాళ్ళు తింటారు, తిన్నది కాలవల్లో పోతుంది. అదంతా ఎక్కడికో పారబోస్తే మన మట్టికి మిగిలేదేంటి? తిరిగి ఇక్కడికే రావాలి" అని. నల్లగా, కేకు ముక్కల్లా ఉండే ఆ మడ్డి మొదటిసారి దించిన రోజు చర్చిలో అందరూ ముక్కులు మూసుకున్నారు. "వదినా, మీవాడు పట్నం మొత్తం దొడ్డిని మనింటికి తెచ్చుకున్నాడు" అని యోస్టా ఎగతాళి. ఆ ఏడు దుంపలు ఎలా ఊరాయనుకున్నావు! ఒక్కొక్కటి పసిపిల్ల తలకాయంత. ఎగతాళి చేసినవాళ్ళే గట్టు మీద నిలబడి చూశారు.

అందుకే వాడి మాట నిలబెట్టాలని ఉంది. నువ్వొకసారి ఆ మట్టిని నీ భూతద్దాల కింద పెట్టి, బాగుందమ్మా అని రాస్తే చాలు, నేను బెర్గ్‌మన్‌కి సరే అంటాను.

అమ్మ


ఉప్సాలా
మే నెల

అమ్మా,

మట్టి చేరింది. సంచి విప్పగానే మన ఇంటి వాసన. పక్కన ఉన్నవాళ్ళు చూస్తుండగా మొహం అందులో పెట్టేశాను. ముక్కుకి అంటుకున్న మట్టితోనే క్లాసుకి వెళ్ళానని తర్వాత తెలిసింది.

నేనేం చూస్తానో అడగలేదు గానీ చెబుతాను, లేకపోతే బాబాయితో "ఏదో మట్టి చదువు" అనేసి ఊరుకుంటావు. మొక్కల వేళ్ళలో ఒక రకం బూజు కాపురం ఉంటుంది. రొట్టె మీద పట్టే బూజు లాంటి చెడ్డది కాదు, మంచిది. దాని పోగులు మన కంటికి కనిపించనంత సన్నం. వేరు వెళ్ళలేని సందుల్లోకి అవి వెళ్ళి భాస్వరం, నీళ్ళు తెచ్చి మొక్కకి ఇస్తాయి. మొక్క ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత వాటికి పెడుతుంది. మనం రంగులో ముంచితే వేరు లోపల నీలంగా కనిపిస్తాయి, చిన్న చిన్న చెట్ల బొమ్మల్లా. మొదటిసారి చూసినప్పుడు నీకు చూపించాలనిపించింది.

వీటికి లావు కాడల లీక్ ఉల్లి అంటే మహా ఇష్టం. దాని వేళ్ళు మొద్దుగా, పొట్టిగా ఉంటాయి, బూజు సాయం లేకుండా బతకలేదు. అందుకని నువ్వు పంపిన రెండు రకాల మట్టిలోనూ కుండీల్లో లీక్ నారు వేశాను. కొన్ని వారాలు పెరిగాక వేళ్ళు తీసి చూస్తాను.

అన్నయ్య ఆ చేలో ఏయే పంటలు వేశాడో గుర్తున్నంత వరకు రాసి పంపు. బాబాయిని అడుగు, కానీ ఆయన చెప్పేదాంట్లో సగమే నమ్ము.

అమ్మా, రాత్రిళ్ళు నిద్రపోతున్నావా?

గుడ్రున్


అల్నెబీ
మిడ్‌సమ్మర్ పండగ మర్నాడు

తుమ్మెదా,

నిన్న యోస్టా ఇంటి ముందు పూల స్తంభం ఎత్తారు. నేను వెళ్ళనన్నాను. మీ బాబాయి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. కొత్త బంగాళాదుంపలు, సోయకూర, ఊరవేసిన హెర్రింగ్ చేప. తిన్నాను, బాగానే తిన్నాను. పిల్లలు స్తంభం చుట్టూ కప్పల్లా గెంతుతూ పాడుతుంటే నవ్వు కూడా వచ్చింది. నవ్వాక భయమేసింది, వాణ్ణి మర్చిపోయానా అని. మర్చిపోలేదు.

పంటలు అడిగావు కదా. దుంపలు, తర్వాత నూనె ఆవాలు, మళ్ళీ దుంపలు, మళ్ళీ ఆవాలు. మధ్యలో ఒకసారి బార్లీ అనుకుంటాను. యోస్టా లేదంటాడు, ఆయన మాటలో సగమే నమ్మమన్నావు కదా. మడ్డి మాత్రం వాడు ఏటా తోలించాడు. బెర్గ్‌మన్ అన్నేసి సార్లు అక్కర్లేదన్నా వినేవాడు కాదు. ఆవాలు పూసినప్పుడు ఆ చేను చూశావుగా నువ్వు, అంత పసుపు కళ్ళు తట్టుకోలేవు. దుంపలకీ ఆవాలకీ ఈ జిల్లాలో దానికి సాటి లేదని మిల్లువాళ్ళే అన్నారు. అంతకంటే మట్టికి ఇంకేం సాక్ష్యం కావాలి?

నువ్వు అక్కడ లీక్ వేశానన్నావు. నాకూ బుద్ధి పుట్టింది. పెరట్లో వెయ్యగా మిగిలిన నారు పట్టుకెళ్ళి వాడి చేనులో ఒక మూల నాటాను. ఈ ఏడు చేను బీడుగానే ఉంది కదా, ఊరికే ఉంచడమెందుకని. వాడికి లీక్ చారంటే ప్రాణం. పొద్దున్నే వెళ్ళి నీళ్ళు పోస్తున్నాను. పోస్తూ వాడితో మాట్లాడుతున్నాను. నువ్వు చదువుకున్నదానివి, నవ్వకు.

అమ్మ


ఉప్సాలా
జూలై

అమ్మా,

ఇక్కడ వాన. మా గదిలో కిటికీ మూత పడటం లేదు, తువ్వాలు కుక్కాను. పక్క గది అమ్మాయి సైకిలు పోయింది, మళ్ళీ దొరికింది. పని బాగానే సాగుతోంది. మట్టి ఫలితాలు ఇంకా పూర్తిగా రాలేదు, చాలా వాటితో పోల్చి చూడాలి. తొందరేం లేదు కదా?

మడ్డి సంగతి బెర్గ్‌మన్‌కి అప్పుడే మాటివ్వకు. ఊరికే, నిదానంగా చూద్దాం.

పెరట్లో స్ట్రాబెర్రీలు వచ్చాయా?

గుడ్రున్


(పోస్టు కార్డు)
అల్నెబీ, జూలై చివర

తుమ్మెదా, స్ట్రాబెర్రీలు వచ్చాయి, జామ్ చేశాను. నా ఆరోగ్యం బాగుంది. లీక్ కూడా పెరుగుతోంది. యోస్టాకి నడుం పట్టేసింది, నోటికి మాత్రం ఏమీ కాలేదు. అమ్మ


అల్నెబీ
ఆగస్టు, వాన వెలిసిన సాయంత్రం

గుడ్రున్,

ఈసారి పేరు పెట్టి పిలిచాను. ఎందుకో నీకే తెలుసు.

చిన్నప్పుడు నువ్వు గిన్నె పగలగొడితే నేరుగా వచ్చి చెప్పేదానివి కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి పిల్లి గురించి, వాన గురించి, పక్కింటి సైకిలు గురించి మాట్లాడేదానివి. నీ జూలై ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో వానా ఉంది, సైకిలూ ఉంది. పగిలిన గిన్నె ఎక్కడో చెప్పు.

నీ మీద నేరం మోపి నేను మంచిదాన్నయిపోను. కార్డు మీద నేనూ అబద్ధం రాశాను. లీక్ పెరగటం లేదు. పెరట్లో నాటినవి నా బొటనవేలి లావు అయ్యాయి. అదే నారు, అదే రోజు నాటాను, అవే నీళ్ళు. వాడి చేనులో ఉన్నవి స్వెటర్లు అల్లే సూదుల్లా ఉన్నాయి, పాలిపోయి. మొదట నీళ్ళు చాలలేదనుకున్నాను. తర్వాత కుందేళ్ళు అనుకున్నాను. కుందేలు అంటే కొరికిన గుర్తు ఉండాలి కదా.

యోస్టా నడుం పట్టుకునే వచ్చి చూశాడు. ఎప్పుడూ లేనిది, ఎగతాళి చెయ్యలేదు. టోపీ వెనక్కి నెట్టుకుని, "దుంపలు అలా వచ్చిన నేలలో ఇదేంటి వదినా" అన్నాడు. ఆయన ఎగతాళి చేసి ఉంటే నాకు ఇంత భయమేసేది కాదు.

నువ్వెందుకు దాస్తున్నావో నాకు తెలుసు. వాడు మిగిల్చి వెళ్ళింది ఆ చేను ఒక్కటే. అది చెడిందని రాస్తే అమ్మ ఏమైపోతుందో అని. నా తల్లీ, ఆ నవంబరు రాత్రి ఫోన్లో ఆ మాట విన్న చెవులివి. విన్నాక కూడా పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించాను. అంతకంటే బరువైన మాట నీ కలంలో లేదు. ఉన్నా రాయి.

వాడు తప్పు చేశాడా? నాకది తెలియాలి. తెలియకుండా బెర్గ్‌మన్‌కి సరే అనలేను, వద్దూ అనలేను. ఎండాకాలం అయిపోవచ్చింది.

అమ్మ


ఉప్సాలా
ఆగస్టు చివర

అమ్మా,

గిన్నె పగిలింది. ఇదిగో, గుమ్మం దాటి వచ్చి చెబుతున్నాను.

నా కుండీల్లో లీక్ కూడా నీ లీక్ లాగే ఉంది. రాతిగోడ వార మట్టిలో పెరిగిన వేళ్ళని రంగులో ముంచితే నీలం నిండిపోయింది. అన్నయ్య చేని మట్టిలో పెరిగిన వేళ్ళలో దాదాపు ఏమీ లేదు. వేరు తర్వాత వేరు చూశాను. పొరపాటేమో అని మళ్ళీ నారు పోసి మళ్ళీ చూశాను. ఖాళీ గదులు, అమ్మా. జూలైలోనే తెలుసు నాకు. రాయడానికి కూర్చుంటే చెయ్యి సైకిలు గురించి రాసింది.

ఎందుకిలా అయిందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

మడ్డిలో భాస్వరం చాలా ఉంటుంది. ఒక మొక్కకి కాళ్ళ దగ్గరే కావలసినంత దొరికితే, బూజుకి చక్కెర పెట్టి పోషించాల్సిన పనేముంది? పెట్టడం మానేస్తుంది. తిండి లేక బూజు తగ్గిపోతుంది. అది ఒకటి. రెండోది మనెవ్వరం ఆలోచించనిది. చక్కెర దుంపా, నూనె ఆవాలూ ఈ బూజుని ఇంట్లోకి రానివ్వని జాతులు. వాటికి దాని అవసరం మొదట్నుంచీ లేదు. కాబట్టి మట్టిలో బూజు చచ్చినా బతికినా దుంపకి తెలియదు, పసిపిల్ల తలకాయంత ఊరుతూనే ఉంటుంది. మనం దుంపని చూసి మట్టి బాగుందనుకున్నాం. అన్నయ్యా అలాగే అనుకున్నాడు, మిల్లువాళ్ళూ అలాగే అన్నారు. సెలవులకి వచ్చినప్పుడు ఆ పసుపు చూసి నేనూ చప్పట్లు కొట్టాను, ఈ చదువు చదువుతూ కూడా. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో బూజుకి ఒక్క చుట్టం కూడా లేకుండా పోయింది. పైన ఏటా మడ్డి. ఇప్పుడు లీక్ వచ్చి తలుపు తడితే పలికేవాళ్ళు లేరు.

వాడు తప్పు చేశాడా అని అడిగావు. చేశాడు. ఎక్కువ పోశాడు, ఆగకుండా పోశాడు, బెర్గ్‌మన్ చెప్పినా వినలేదు. కానీ పట్నం తిన్నది చేనుకి తిరిగి రావాలన్న మాట తప్పు కాదు. ఇక్కడ మాకు చదువు చెప్పేవాళ్ళు కూడా ఆ మాటే అంటారు, ఎంత, ఎన్నేళ్ళకోసారి, ఏ నేలకి అన్న దగ్గరే వాదించుకుంటారు. నేను చూసింది బూజు ఒక్కటే, మడ్డిలో ఉండే మిగతావాటి గురించి నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

చేను చచ్చిపోలేదు. రాతిగోడ వార బూజు దండిగా ఉంది. మడ్డి ఆపి, దున్నడం ఆపి, గడ్డీ, మూడాకుల క్లోవరూ వేసి వదిలేస్తే గట్టు మీంచి మెల్లగా లోపలికి వస్తుంది. ఏళ్ళు పడుతుంది. వస్తుందనే అనుకుంటున్నాను.

అమ్మా, నీలం లేని ఆ వేళ్ళని చూసినప్పుడు నాకు వాడి మీద కోపం వచ్చింది. పోయినవాడి మీద కోపం వచ్చిందని సిగ్గేసి ఏడ్చాను. అది కూడా దాచాను నీ దగ్గర.

నీ తుమ్మెద


అల్నెబీ
సెప్టెంబరు

నా తుమ్మెదా,

నీ ఉత్తరం పెరట్లో కూర్చుని చదివాను. చదివి మడిచి, గమ్‌బూట్లు వేసుకుని వాడి చేనుకి వెళ్ళాను. లీక్ ఒకటి పీకి చేతిలో పట్టుకున్నాను. రోజూ వెళ్ళి వాడితో మాట్లాడతానని రాశాను కదా. ఏం మాట్లాడేదాన్నో తెలుసా? నాన్నా, బంగారం, నీ అంతటివాడు లేడు, ఇవే. పోయిన దగ్గర్నుంచీ వాడు ఒక్క పొరపాటు చెయ్యని కొడుకైపోయాడు నాకు. చర్చి గోడ మీద బొమ్మతో మాట్లాడినట్టు మాట్లాడేదాన్ని. బొమ్మ పలకదు కదా.

ఆ రోజు నోరు తెరిస్తే తిట్లు వచ్చాయి. "ఒరేయ్ సిక్స్‌టెన్! బెర్గ్‌మన్ చాలంటే చాలని వినొద్దట్రా? నీకు ఏదైనా నచ్చితే ఆపడం తెలుసా అసలు? పాన్‌కేకు మీద జామ్ పొయ్యమంటే పళ్ళెం కారిపోయేదాకా పోసేవాడివి. మోటారు సైకిలు నెమ్మదిగా నడపరా అని ఎన్నిసార్లు చెప్పాను, ఆ బురదలో నీకేం తొందర, ఎవరు తరిమారు నిన్ను?" ఇంకా చాలా అన్నాను. గొంతు చించుకున్నాను. ఏడుస్తూనే తిట్టాను.

రాతిగోడ అవతలి నుంచి మీ బాబాయి తల పైకి లేచింది. "ఎవర్ని వదినా ఆ తిట్టడం?"

"నా కొడుకుని!"

"అమ్మయ్య. నన్నేమో అనుకున్నా." గోడ మీద మోచేతులు ఆన్చి, "ఇంకా తిట్టు వదినా. నువ్వు వాణ్ణి తిట్టి చాలా కాలమైంది, వినడానికి బాగుంది" అన్నాడు.

తుమ్మెదా, నీకెలా చెప్పను. తిట్టి వచ్చాక వాడు నాకు దొరికాడు. బూట్లు విప్పకుండా వంటింట్లోకి వచ్చే సిక్స్‌టెన్, చెప్పిన మాట వినని సిక్స్‌టెన్, మన సిక్స్‌టెన్. వాడు మళ్ళీ మామూలు మనిషయ్యాడు. ఆ రాత్రి మధ్యలో మెలకువ రాకుండా పడుకున్నాను. నీకు కోపం వచ్చినందుకు సిగ్గుపడకు. వాడి మీద కోప్పడే హక్కు చెల్లెలికి లేకపోతే ఎవరికుంటుంది?

తర్వాత బెర్గ్‌మన్ వచ్చాడు. కాఫీ, యాలకుల బన్ను పెట్టాను. "బాబూ, నీ మడ్డికి నేను వంక పెట్టను. మా చేనుకి కడుపు నిండి పొంగిపోయింది. వద్దు" అన్నాను. అతను తల ఊపాడు. "నేనూ అన్నానండీ అతనితో, ప్రతి ఏడూ వద్దని" అన్నాడు. "వింటాడా? నా కొడుకు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వాడి గురించి ఎవరితోనో కూర్చుని నవ్వడం అదే మొదలు.

అప్పటిదాకా పక్కనే బన్ను తింటున్న యోస్టా అందుకున్నాడు. "ఇదిగో అబ్బాయ్, నా కొండవార ఇసక చేనుందే, దాని మొహం ఎప్పుడూ ఎవరూ చూళ్ళేదు. దానికో దఫా తోలు. ఒక్క దఫా. మా గుడ్రున్ ఎంత చాలంటే అంతే. దుంపా వద్దు, ఆవాలూ వద్దు, ఓట్స్ పంట వేస్తా."

"పట్నం దొడ్డి ఇంటికి తెచ్చుకుంటావా యోస్టా?" అన్నాను.

"నోరు మంచిది కాదు వదినా నీది" అన్నాడు. కాబట్టి నువ్వు ముందు ఆ ఇసక మట్టి చూడాలట. ఎంత తోలాలో, మళ్ళీ ఎన్నేళ్ళు ఆగాలో రాయమన్నాడు. రాసేదాకా బెర్గ్‌మన్ ఆగుతానన్నాడు.

సిక్స్‌టెన్ చేనులో నిన్ననే గడ్డి విత్తనం చల్లాం. క్లోవర్ వసంతంలో చల్లుదామన్నాడు మీ బాబాయి, ఇప్పుడు చల్లితే చలికి నిలవదట. గోడ వారనుంచి మొదలుపెట్టి లోపలికి నడిచాను నేను. బూజు అటునుంచే వస్తుందన్నావు కదా, అందుకని. ఎన్నేళ్ళయినా పట్టనీ. నాకు తొందర లేదు. ఆ చేను వాణ్ణి మెచ్చుకోవాల్సిన పని లేదిప్పుడు, బాగుపడితే చాలు.

ఇవాళ ఎండ బాగా కాసింది. ఆపిల్ చెట్టు కింద రాలినవి ఏరుకొచ్చాను. మనసు తేలికగా ఉంది, అది నీకు చెప్పాలనే ఇంత పొడుగు రాశాను.

ఆ భూతద్దాల ముందు కూర్చుంటే నీకు ఆకలి గుర్తుండదు, నాకు తెలుసు. వేళ దాటనివ్వకు. వేడిగా ఏదైనా వండుకుని, కడుపునిండా తిను.

అమ్మ